కాటా మీద మా వంటిల్లు
(సమాఖ్య వార్షిక మహాసభలో మా గ్రూపు తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి ఇందాకే పెద్దలు చెప్పారు. మేము వేరే లెక్క చెప్తాం. మా ఇళ్ళల్లో వండిన అన్నం, పప్పు, కూరల్లో ఎన్ని కేలరీలు ఉన్నాయో ఈ ఏడాది మేము లెక్కపెట్టాం. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మొదట మేమూ నవ్వుకున్నాం. కేలరీలంటే జిమ్ముకెళ్ళే వాళ్ళ మాట, సినిమా వాళ్ళ మాట అనుకున్నాం.

మేము పెదగంట్యాడ వైపు ఉండేవాళ్ళం, 11 మందిమి. మాలో ఒకరు ఇంట్లో మిషను కుడతారు, ఒకరు ఎండు చేపలు అమ్ముతారు, ఇద్దరు అపార్ట్‌మెంట్లలో పనికెళ్తారు, ఒకామె తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపల గంపలు మోస్తుంది. మగవాళ్ళు ఎక్కువమంది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని, పోర్టులో లారీల పని. ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే తర్వాత లెక్కలో అవసరం పడుతుంది.

ఏప్రిల్‌లో ఆడిట్‌కి పుస్తకాలు సర్దుతున్నాం. అప్పుల పుస్తకంలో ‘దేని నిమిత్తం’ అని ఒక గడి ఉంటుంది కదా, అది ఎవరూ చదవం. తీసుకున్నారా, కట్టారా, అంతే చూస్తాం. ఆరోజు చదివాం. లోపల ఇచ్చిన 19 అప్పుల్లో 8 ‘ఆరోగ్యం’ అని ఉన్నాయి. కుట్టుమిషనుకి రెండే. పిల్లల ఫీజులకి నాలుగు. ఆ 8లో మూడు ఒకే మనిషివి, గంపలు మోసే అక్కవి. ఎదురుగా ‘నీరసం, సెలైన్’ అని మేమే రాశాం. మూడుసార్లు రాసి, మూడుసార్లు సంతకాలు పెట్టించుకుని, ఎందుకే నీకు ఇంత నీరసం అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంకో రెండు అప్పులు మిషను కుట్టే అక్కవి, షుగరు టెస్టులకి, కాలి పుండుకి.

వీళ్ళిద్దర్నీ తీసుకుని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. అక్కడి సిస్టర్ గారు మందుల సంగతి తర్వాత, మీ ఇంట్లో నెలకి నూనె ఎంత అవుద్ది అని అడిగారు. ఒక్కరం సరిగ్గా చెప్పలేకపోయాం. ‘‘వడ్డీ పైసలతో సహా చెప్తారు, నూనె చెప్పలేరా?’’ అన్నారామె. ఆ మాట గుచ్చుకుంది. అక్కడి నుంచి మొదలైంది.

కేలరీ అంటే ఏమిటో మాకు అర్థమైనట్టు చెప్తాం. అది వేడికి కొలత. ఒక కేజీ నీళ్ళని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడిని మనం కేలరీ అంటున్నాం, పుస్తకాల్లో కిలో కేలరీ అని రాస్తారు. బొగ్గుకి వేడి ఉన్నట్టే బియ్యానికీ ఉంది. అమెరికాలో ఆట్‌వాటర్ అని ఒకాయన 100 ఏళ్ళకు పైగా క్రితం తిండి పదార్థాల్ని కాల్చి చూసి, మనుషుల్ని గదిలో ఉంచి కొలిచి, ఈ లెక్క తేల్చాడు. పిండి పదార్థం, చక్కెర గ్రాముకి 4. మాంసకృత్తులు గ్రాముకి 4. నూనె, నెయ్యి, కొవ్వు గ్రాముకి 9. ఈ మూడు అంకెలు ఎక్కాల్లాగ గుర్తుంటే చాలు, మిగతాది కూడికలు, భాగహారాలు. అవి మనకి వచ్చు. వడ్డీ లెక్కకంటే సులువే.

మన స్టీల్ ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. వాటిలో ఎంత కోక్ పడాలి, ఎంత ఖనిజం పడాలి అని తూకం లేకుండా ఏదీ పడదు. మా ఇళ్ళ మగవాళ్ళు రోజూ చూసే పనే అది. ఆ అన్నపూర్ణకి లెక్క ఉంది గానీ, ఇంట్లో అన్నపూర్ణకి లేదు. ఈ మాట మా మీటింగులో అంటే మిషను అక్క పడీపడీ నవ్వింది.

సరే, ఎలా లెక్కపెట్టాలి? మా అందరికంటే ముందు అడ్డం తగిలింది మాలో ఒకరి అత్తగారు. ‘‘ఏటే, తినే ముద్దలు నెక్కెడతారా? దిష్టి తగిలిపోద్ది’’ అంది. ఆవిడ మాట మేము కొట్టిపారెయ్యలేదు. తినేవాడి నోటికేసి చూడకూడదని మనందరికీ చిన్నప్పట్నుంచి చెప్పిన మాటే. అందుకని ముద్దలు లెక్కపెట్టం, డబ్బాలు లెక్కపెడతాం అన్నాం. నెల మొదట్లో సరుకులెంత తెచ్చాం, నెలాఖరుకి ఎంత మిగిలింది, ఖర్చయినదాన్ని 30 రోజులకి, ఇంట్లో మనుషులకి పంచితే ఒక మనిషికి ఒక రోజు లెక్క వస్తుంది. ఆవిడ దీనికి ఒప్పుకుంది. డబ్బాలకి దిష్టి తగలదంట.

తర్వాత తెలిసింది, ఇది మేము కనిపెట్టిందేమీ కాదని. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1972 నుంచి వాళ్ళ మనుషులు మన రాష్ట్రంతో పాటు చాలా రాష్ట్రాల్లో ఇళ్ళకి వెళ్ళి, వండబోయే సరుకులు తూచి, నిన్న ఏం తిన్నారని గిన్నెలు చూపించి అడిగి, ఇదే లెక్క కట్టేవారు. ఏ పదార్థంలో ఏముందో పట్టికలు కూడా వాళ్ళు వేసినవే. 2017లో వేసిన పట్టికలో 528 పదార్థాలున్నాయి. సిస్టర్ గారు మాకు అందులో మనం రోజూ వండుకునేవి ఒక కాయితం మీద రాసిచ్చారు.

ఆ కాయితం లెక్క ఇది, మీరూ రాసుకోండి. కేజీ బియ్యంలో 3,500 కేలరీలు. గోధుమపిండి, రవ్వ అటూఇటూగా అంతే. కేజీ కందిపప్పులో 3,300. పంచదార కేజీకి 4,000, బెల్లం కాస్త తక్కువ. నూనె కేజీకి 9,000. మనం కొనే లీటరు ప్యాకెట్టు మీద 910 గ్రాములు అని ఉంటుంది చూడండి, అంటే ప్యాకెట్టుకి 8,200 దాకా. కోడిగుడ్డు ఒకటి 70. ఆకుకూరలు, బీర, సొర, వంకాయలో చాలా తక్కువ, వాటి లెక్క వదిలేసినా నష్టం లేదు. రేషన్‌లో మనిషికి నెలకి వచ్చే 5 కేజీల బియ్యం రోజుకి 580 కేలరీలు అవుతుంది.

మొదటి ఇల్లు గంపలు మోసే అక్కది. నలుగురు మనుషులు. భర్తకి ప్లాంటులో కాంట్రాక్టు పని, కొడుకు ఇంటరు, కూతురు తొమ్మిదో తరగతి. నెలకి బియ్యం 30 కేజీలు, రవ్వ పిండి కలిపి 5 కేజీలు, నూనె 5 ప్యాకెట్లు, పంచదార బెల్లం కలిపి 4 కేజీలు, అన్ని పప్పులూ కలిపి 3 కేజీలు, రోజుకి అర లీటరు పాలు. పంచితే మనిషికి రోజుకి బియ్యం నుంచి 875, పిండి రవ్వ నుంచి 140, నూనె నుంచి 340, పంచదార బెల్లం నుంచి 130, పప్పు నుంచి 80, పాల నుంచి 75. చేపలు, గుడ్లు, కూరలు, బయట తిన్నవి ఇంకో 250 వేశాం. మొత్తం 1,900కి కాస్త అటూఇటూ.

పోషకాహార సంస్థ వాళ్ళు ఒక రోజుకి ఒక మనిషి ప్లేటు అని బొమ్మ వేశారు, అది 2,000 కేలరీలకి. పర్వాలేదే, 1,900 వచ్చిందిగా అనుకున్నాం. ఇంకో సంగతి కూడా చూశాం. ఆ ప్లేటులో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములే, ఈ ఇంట్లో 290. నూనె 27 గ్రాములు, ఇక్కడ 38. పప్పు, గుడ్డు, చేప, మాంసం కలిపి 85 గ్రాములు ఉండాలి, ఇక్కడ పప్పు 25 గ్రాములు, చేప ఆదివారం. కూరగాయలు 400 గ్రాములన్నారు. అది చదివి అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నలుగురికి కేజీ వంకాయలు ఒక పూట వండే ఇల్లు మాలో ఒక్కటీ లేదు.

అయితే ఇంత తింటున్న ఇంట్లో ఆవిడకి నీరసం ఎందుకు? ఇక్కడే మా లెక్క తప్పింది. మనం 30తో, నలుగురితో భాగించాం. అన్నం అలా భాగించుకుని ఎవరూ తినరు కదా.

రెండోసారి కాటా తీసుకెళ్ళాం. కాటా అంటే ఎండు చేపల అక్క దగ్గరుండే కరెంటు కాటా, గ్రాముల్లో చూపిస్తుంది. నెత్తళ్ళ వాసన వస్తుంది, ఎంత తుడిచినా పోదు. ఈసారి గిన్నెలు తూచాం. ఇది ఎలా చేశామో వివరంగా చెప్తాం, ఎందుకంటే అందరూ అడుగుతున్నది ఇదే, కలిపి వండిన కూరలో నాకు ఎంత వచ్చిందో ఎలా తెలుస్తుంది అని.

ముందు ఖాళీ గిన్నె బరువు రాసుకోవాలి. పప్పు వండేముందు పచ్చి సరుకు తూచాలి. 150 గ్రాముల కందిపప్పు, అంటే 500 కేలరీలు. పోపుకి రెండు చెంచాల నూనె, 10 గ్రాములు, 90 కేలరీలు. టమాటాలు, ఉల్లిపాయ కలిపి ఇంకో 30 వేసుకోండి. మొత్తం 620. వండాక గిన్నెతో తూచి, గిన్నె బరువు తీసేస్తే పప్పు 900 గ్రాములు. అంటే 100 గ్రాముల పప్పులో 70 కేలరీలు. ఆ ఇంటి గరిటెతో ఒక గరిటె 100 గ్రాములు పట్టింది. ఇంక రోజూ తూచక్కర్లేదు, గరిటెలు లెక్కేసుకుంటే సరి. అన్నం కూడా అంతే. 100 గ్రాముల బియ్యం ఉడికి నీళ్ళు తాగి రెండున్నర, మూడింతలు అవుతుంది, కాబట్టి 100 గ్రాముల అన్నంలో 130 కేలరీలు. పెద్ద హస్తం నిండా ఒకసారి వడ్డిస్తే ఎంతో ఎవరి ఇంట్లో వాళ్ళు తూచుకోవాలి, మా హస్తాలే ఒకదానికొకటి కలవలేదు.

ఫోన్లో యాప్ ఉంది కదా, ఈ బాధంతా ఎందుకని మా పిల్లలు అడిగారు. ఫోను ‘ఒక కప్పు బెండకాయ కూర’ అని ఒక అంకె చెప్పేస్తుంది. దానికి మన బాండీ తెలీదు. మా మిషను అక్క అరకేజీ బెండకాయలు వేపితే బెండకాయల్లో 150 పైచిలుకు కేలరీలు, ఆవిడ పోసిన నూనె 60 గ్రాములు, 540 కేలరీలు. అది బెండకాయ వేపుడు కాదు, నూనెలో బెండకాయలు తగిలినట్టు. పక్కింటావిడ అదే కూర ఉడికించి పోపు పెడితే 250లో అయిపోయింది. ఒకే వీధిలో, ఒకే కూర. యాప్ ఎవరిది చెప్తుంది?

గంపల అక్క ఇంట్లో ఒక రోజు నాలుగు కంచాలు తూచాం. అత్తగారు ఆ ఇంట్లో లేరు కాబట్టి దిష్టి మాట రాలేదు. భర్త మాత్రం ‘‘నానేటి జైల్లో ఉన్నానా, తూచి పెడతన్నారు’’ అన్నాడు, తర్వాత ఆయనే కాటా మీద తన కంచం పెట్టి నంబరు చదివాడు. రాత్రికి లెక్క తేలింది. భర్త 2,600. కొడుకు 2,300. కూతురు 1,500. ఆమె 1,200. కూడండి, 7,600 వస్తుంది. నలుగురికి పంచితే మళ్ళీ అదే 1,900. మా సగటు తప్పు కాదు. కానీ ఆ సగటు అంత తిన్న మనిషి ఆ ఇంట్లో ఎవరూ లేరు.

2020లో ఇదే సంస్థ వేసిన లెక్క ప్రకారం, 55 కేజీల ఆడమనిషికి కూర్చుని చేసే పనైతే రోజుకి 1,660, ఒక మాదిరి పనైతే 2,130, బరువు పనైతే 2,720 కావాలి. 65 కేజీల మగమనిషికి 2,110, 2,710, 3,470. కడుపుతో ఉన్నప్పుడు ఇంకో 350, బిడ్డకి పాలిచ్చే మొదటి ఆరు నెలలు ఇంకో 600. 13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకి 2,400. ఈ అక్క 45 కేజీలే ఉంటుంది, కాబట్టి కాస్త తగ్గించుకోండి. తగ్గించినా 1,200 ఎక్కడ, గంపలు మోసే మనిషికి కావలసింది ఎక్కడ! తెల్లారి నాలుగింటికి టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం ఇంటికొచ్చి మూడింటికి చారన్నం. రాత్రి అందరూ తిన్నాక అడుగున మిగిలిన కూర. పప్పు ఆమె దాకా వచ్చేసరికి గరిటెలో సగం. చేప ముక్క తల, తోక. ఎవరూ ఆమెని తినొద్దని అనలేదు. ఆమే వడ్డించింది, ఆమే మిగుల్చుకోలేదు. అందరం అంతే కదా అని మాలో ఒకరన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

ఆ పిల్ల సంగతి ఇంకా చెప్పాలి. ఆ పిల్ల అమ్మని చూసి నేర్చుకుంది. అన్నయ్యకి రెండోసారి వడ్డించి తను లేచిపోతుంది. అడిగితే ఆకలి లేదంటుంది.

ఇప్పుడు ఆ మూడు అప్పుల దగ్గరికి వస్తాం. నీరసం వచ్చినప్పుడల్లా వీధిలో ఒకాయన దగ్గర ‘బలం బాటిల్’ ఎక్కించుకునేది. బాటిల్, సూది, ఆయన ఫీజు కలిపి 500 అయ్యేది. ఆ సీసా మీద 5 శాతం డెక్స్‌ట్రోజ్, 500 మిల్లీ లీటర్లు అని రాసి ఉంటుంది. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. 500లో 5 శాతం ఎంత? 25 గ్రాములు. గ్రాముకి 4 చొప్పున 100 కేలరీలు, సరిగ్గా చూస్తే ఇంకా తక్కువే. అంటే ఐదు చెంచాల పంచదార. ఆ లెక్క బోర్డు మీద వేసిన రోజు ఆ అక్క ‘‘ఐదు చెంచాలా?’’ అని రెండుసార్లు అడిగింది. అదే 500కి రెండు అట్టల గుడ్లు వస్తాయి, 60 గుడ్లు, 4,200 కేలరీలు, పైగా మాంసకృత్తులు. ఆ బాటిల్ కోసం మేము వడ్డీకి డబ్బులిచ్చాం.

అక్కలూ, ఈ మాట తప్పుగా తీసుకోవద్దు. వాంతులు, విరేచనాలు అయి మనిషి నీరు తాగలేని స్థితిలో ఉంటే ఆ బాటిలే ప్రాణం కాపాడుతుంది. డాక్టరు పెట్టమన్నప్పుడు పెట్టించుకోవాలి. తిండి చాలక వచ్చిన నీరసానికి మాత్రం అది అన్నం కాదు.

ఆమెకి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది, ఆడవాళ్ళకి 12 ఉండాలి. ఇది కేలరీల లెక్కలో కనబడదు, అందుకే చెప్తున్నాం. కేలరీలు కడుపు నిండిందా లేదా అన్నంత వరకే చెప్తాయి. మన ఉత్తర సర్కారు జిల్లాల్లో వెనకటి రోజుల్లో బెరిబెరి అని ఒక జబ్బు ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతిని మనుషులు పోయేవారు. వాళ్ళు అన్నం తినకుండా లేరు, మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తినేవారు. తవుడుతో పాటు బి1 విటమిన్ పోయింది. తెల్ల బియ్యంలో, దంపుడు బియ్యంలో కేలరీలు దాదాపు ఒకటే. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి పెరిగి, 1958లో హైదరాబాద్ వచ్చి, 1969లో ఈ జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. ఈ లెక్క మన చేతికిచ్చిన సంస్థ పుట్టిందే మన వైపు ఉన్న జబ్బు మీద. మేము ఇప్పుడు చోడి అంబలి మళ్ళీ మొదలుపెట్టాం. చోళ్ళలో కేలరీలు బియ్యం కంటే ఎక్కువేమీ లేవు, సున్నం ఎక్కువ, ఇనుము కూడా కొంత. గంజి వార్చడం మానేసినవాళ్ళు నలుగురు, మానలేనివాళ్ళు మిగతా అందరం.

మిషను అక్క కథ దీనికి పూర్తిగా తిరగబడింది. ఇంట్లో కూర్చుని కుట్టే పని, కావలసింది 1,660, తూచిన రోజు 2,400 వచ్చింది. ‘‘నేను తినేది రెండు పూటలే, అదీ కొంచెమే’’ అని ఆవిడ ఒట్టేసింది. ఒట్టు అబద్ధం కాదు. కంచంలో తిన్నది నిజంగా ఎక్కువ లేదు. కుట్టుకుంటూ రోజుకి ఆరు టీలు. ఒక్కో టీలో రెండు చెంచాల పంచదార 40, పాలు 45, ఆరు టీలకి 500 దాటింది. మనవలు వదిలేసిన పెరుగన్నం, సగం అట్టు, పారెయ్యలేక నోట్లో వేసుకున్నవి ఇంకో 300. అన్నం పారెయ్యకూడదని మన పెద్దలు నేర్పింది మనలో ఒకరికి షుగరు తెచ్చింది, ఇంకొకరికి ఆ మిగిలింది కూడా లేదు.

2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100కి 59 మందికి రక్తహీనత, 36 మంది బరువు ఎక్కువ అని తేలింది. చదివినప్పుడు వీళ్ళు వేరు, వాళ్ళు వేరు అనుకున్నాం. మా 11 మందిలో ఇద్దరు బరువు ఎక్కువ, రక్తం తక్కువ, రెండూ ఒకే మనిషికి.

అందుకని అందరికీ ఒకే మాట చెప్పడం మానేశాం. నూనె తగ్గించండి అని మిషను అక్కకి చెప్పాం, నెలకి 6 ప్యాకెట్లు ఉన్నది 4 చేసింది, బాండీలో డబ్బాతో పొయ్యకుండా చెంచాతో కొలిచి పోస్తుంది. టీలు మూడుకి తెచ్చింది. షుగరు మందులు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా పూటలు మానకూడదని సిస్టర్ గారు గట్టిగా చెప్పారు, పంచదార పడిపోయి కళ్ళు తిరుగుతాయంట. బరువు ఇంకా తగ్గలేదని ఆవిడ బాధ. కాలి పుండు మానింది.

గంపల అక్కకి నూనె తగ్గించమని చెప్పలేదు. అక్కడ తగ్గించాల్సింది ఏమీ లేదు, మార్చాల్సింది వడ్డన. తెల్లారి వెళ్ళేటప్పుడు డబ్బాలో పెరుగు చద్దన్నం, ఉల్లిపాయ పట్టుకెళ్తుంది. గుప్పెడు వేరుశెనగ గుళ్ళు, బెల్లం ముక్క కొంగున. 30 గ్రాముల గుళ్ళు 160 కేలరీలు. మేము మొదట పప్పు కూడా పెంచమన్నాం. కందిపప్పు ధర మీకు చెప్పక్కర్లేదు, అర కేజీ పెంచింది. మిగతాది ఉలవలు, గుడ్లతో సర్దుకుంది. ఇంట్లో మాత్రం ఒక్కటే నియమం పెట్టుకున్నారు, పప్పు, కూర వండగానే నాలుగు గిన్నెల్లో వేసేయడం, వడ్డించే మనిషి గిన్నె కూడా ముందే పక్కన పెట్టడం. కొడుకు అడిగితే ఆ గిన్నె తీసి వెయ్యకూడదు. మొదటి వారం ఆమే తీసి వేసేసిందంట. తర్వాత కూతురు ఆ గిన్నె మీద మూత పెట్టి కాపలా కాసింది.

దసరా తర్వాత మళ్ళీ తూచాం. ఆమెది 1,700 దగ్గర. కూతురిది 1,900. మాత్రలు వేసుకుంటోంది, హిమోగ్లోబిన్ 9.6. ఇంకా తక్కువే. ఆ నెల నుంచి ఇప్పటిదాకా ‘నీరసం, సెలైన్’ అని మా పుస్తకంలో రాయలేదు.

జరగనివి కూడా చెప్పాలి కదా. మాలో ఇద్దరు ఒక నెల తూచి మానేశారు, ఒకరికి అత్తగారి గొడవ, ఒకరికి విసుగు. బలవంతం చెయ్యలేదు. ఇంకో పొరపాటు మాదే. ఈ లెక్కలన్నీ పిల్లల ముందు మాట్లాడుకున్నాం. మాలో ఒకరి అమ్మాయి, ఇంటరు చదువుతోంది, ఫోనులో లెక్కేసుకుని రాత్రి తిండి మానేసింది, సన్నబడాలని. రెండు నెలలు పట్టింది మాకు తెలియడానికి. ఎదిగే పిల్లల కంచాలు తగ్గించడానికి ఈ లెక్క వాడొద్దు. ఇప్పుడు మేము పిల్లల ముందు తూచేటప్పుడు ఇంకా ఎంత కావాలి అని మాత్రమే మాట్లాడతాం. కడుపుతో ఉన్నవాళ్ళకి అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు ఇంటికి తెచ్చి అందరి కూరలో వేస్తే ఆమె వాటాకి పావు గుడ్డు వస్తుంది, అది కూడా కాటా పెట్టాకే తెలిసింది.

అప్పుల పుస్తకంలో మేము ఇప్పుడు ఒక గడి కలిపాం. ఆరోగ్యం అని ఎవరు అప్పు అడిగినా డబ్బు వెంటనే ఇస్తాం, ఆపం. ఆ వారంలోనే ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళి డబ్బాలు, కంచాలు చూసొస్తాం, కేలరీలు ఆ గడిలో రాస్తాం.

మీ గ్రూపుల వాళ్ళెవరికైనా కాటా కావాలంటే తీసుకెళ్ళొచ్చు. ఎండు చేపల అక్క ఒప్పుకుంది. అయితే శనివారం సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి, ఆదివారం ఆవిడకి బేరాలుంటాయి. వాసన గురించి ముందే చెప్పాం.